గార్డుకు కట్టిన దారం

ముందు ప్లగ్గు పీకింది. పీకిన ప్లగ్గును బల్ల కింద పడెయ్యకుండా, ఎదురుగా గోడకున్న మేకుకు, తల ఎత్తితే కనపడేట్టు వేలాడదీసింది. మిషను మీద చెయ్యి వేసే ముందు కరెంటు లేదని నోరు చెబితే చాలదు, కళ్లు చెప్పాలి; స్విచ్చి ఆపేశాంలే అన్న ధీమాతో చేతులు పోగొట్టుకున్న వాళ్లందరినీ ఒకచోట కూర్చోబెడితే నరసరావుపేట బస్టాండు చాలదని లక్ష్మీతిరుపతమ్మ అభిప్రాయం. ఆ అభిప్రాయం ఆమెను ఎవరూ అడగలేదు. అడిగేవాళ్లుంటే ఆమె దగ్గర ఇంకా చాలా ఉన్నాయి. అత్త రోశమ్మ పూజ సామాను పట్టుకుని షాపుకు వచ్చేసరికి ఇంకో గంట పడుతుంది. ఆ లోపల మిషనును దులిపి, తుడిచి, తళతళలాడేట్టు చేసి పెట్టాలి. దసరా కదా, ఇవాళ పనిముట్లన్నీ దేవుళ్లే, రేపు పొద్దున్నుంచి మళ్లీ పనిముట్లే. బయట వినుకొండ రోడ్డు మీద కడిగిన ట్రాక్టర్లు నుదుట బొట్లతో, మెడలో బంతిపూల దండలతో పోతున్నాయి. ఎదురుగా వెల్డింగు షాపు వాళ్లు గుమ్మడికాయ పగలగొట్టినట్టున్నారు, రోడ్డు నడిమధ్య ఎర్రగా కుంకుమ అద్దిన ముక్కలు, వాటి మీద నుంచి బైకులు జారుకుంటూ పోతున్నాయి. ఎవడో ఒకడు కాలు విరగ్గొట్టుకుంటే దాన్ని కూడా దిష్టి కిందే జమ వేస్తారు, గుమ్మడికాయ జోలికి మాత్రం ఎవరూ పోరు.

పటాలు కట్టే షాపు ఇది. దేవుళ్ల పటాలు, చచ్చిపోయినవాళ్ల పటాలు, ఎన్నికలొస్తే నాయకుల పటాలు. ఫ్రేము కర్రను మూలలకు ఏటవాలుగా కోసే మిషను ఇది. పెట్టె మీద మైటర్ సా అని ఇంగ్లీషులో రాసుంది గానీ షాపులో ఇది కటింగ్ మిషనే. పైన మోటారు, మోటారుకు పళ్ల చక్రం, ఆ చక్రాన్ని కప్పుతూ గార్డు అనే గట్టి ప్లాస్టిక్ తొడుగు. పిడి పట్టి కిందికి దించితే గార్డు తనంతట తనే పక్కకు జరుగుతుంది, కర్ర తెగుతుంది. పిడి పైకి లేపితే గార్డు తనంతట తనే దిగి, ఇంకా గిరగిరా తిరుగుతున్న చక్రాన్ని మూసేస్తుంది. అంతే. కంటికి రెప్ప ఎంతో చేతికి ఈ గార్డు అంత. ఆ రెప్పను దారం పెట్టి కట్టేశారు పోయిన దసరాకి. ఇంకో గంటలో మళ్లీ కట్టబోతున్నారు. కట్టినాక ఆమె మొగుడు శివనాగరాజు, ఉన్న మూడు వేళ్ల చేత్తో, అందరూ చూస్తుండగా మొదటి కోత కోస్తాడట. తిరుపతమ్మకు తెల్లారినప్పటి నుంచీ అన్నం సయించకపోవడానికి కారణం అదే, ఉపవాసం కాదు.

చక్రం ఊడదీయాలి. మోటారు వెనక మీట నొక్కి పట్టి, స్పానరు బోల్టుకు తగిలించి, చక్రం ఏ వైపు తిరుగుతుందో ఆ వైపుకే తిప్పింది. దీనికి మర ఎదురుగా ఉంటుంది, అన్ని బోల్టుల్లాగా తిప్పితే ఇంకా బిగుసుకుంటుంది. మొదటిసారి తెలియక ఎడాపెడా తిప్పితే స్పానరు జారి మోచెయ్యి బల్ల అంచుకు కొట్టుకుంది, ఆ మచ్చ ఇంకా ఉంది. ఇల్లు కూడా ఇట్లాంటి మరే అనుకుంది. అందరిళ్లలో నిజం చెబితే ముడి వదులవుతుంది, ఈ ఇంట్లో నిజం చెబితే బిగుసుకుంటుంది. చక్రం చేతికొచ్చింది. చేతికి గుడ్డ చుట్టుకుని పట్టుకుంది, ఆగి ఉన్నప్పుడు కూడా దీని పళ్లు కోస్తాయి. చక్రం లేని మిషను బోసినోటి ముసలమ్మలాగా ఉంది, ఎవరికీ ఏ హానీ చెయ్యని దానిలాగా. ఆ రోజు కూడా అట్లాగే కనపడింది. పండగ వెళ్లిన వారంలోనే, పట్టపగలు, షాపు నిండా మనుషులుండగా. సత్తెనపల్లి నుంచి వచ్చినవాళ్లు వాళ్ల నాన్న పటం పెద్దకర్మ లోపల కావాలని కూర్చునే ఉన్నారు. ఆమె అద్దం కోస్తోంది. మిషను శబ్దం తగ్గుతూ వచ్చింది, కోత అయిపోయింది, పిడి పైకి లేచింది. అప్పుడు శివనాగరాజు ఎప్పుడూ చేసే పనే చేశాడు. తెగిన ముక్కను తియ్యడానికి చెయ్యి పెట్టాడు. కొన్నేళ్లుగా ఆ చెయ్యి అట్లాగే పోయేది, గార్డు దిగి ఉంటుందని చేతికి తెలుసు, చెయ్యి కళ్లను అడగదు. కేక కూడా పెద్దగా వెయ్యలేదు. "అబ్బ" అన్నాడు, కాలికి ముల్లు గుచ్చుకున్నవాడిలాగా. సత్తెనపల్లి ఆయన తెల్ల చొక్కా మీద చుక్కలు పడ్డాయి. చూపుడు వేలు, నడిమి వేలు. ఒకటి అక్కడే దొరికింది, ఇంకొకటి రంపపు పొట్టులో వెతుక్కోవాల్సి వచ్చింది, వెతికింది ఆమే. సోడా కొట్టులో ఐసు అడిగి క్యారీ బ్యాగులో వేసుకుని గుంటూరు దాకా ఒళ్లో పెట్టుకుపోయింది. డాక్టరు ఆ బ్యాగు చూసి ఆలస్యమైందమ్మా అన్నాడు. ఆలస్యం. ఆ మాట ఆయన దాన్ని గురించే అన్నాడు గానీ ఆమె చాలావాటికి వర్తింపజేసుకుంది.

బకెట్లో సబ్బునీళ్లు, పాత పళ్ల బ్రష్షు. చక్రం పళ్లకు పట్టిన బంకను ఒక్కో పన్నూ తోముతూ వచ్చింది. ఫ్రేము కర్రల రంగూ లక్కా వేడికి కరిగి పళ్ల సందుల్లో నల్లగా గడ్డకడుతుంది. అది పేరుకుంటే చక్రం కొయ్యదు, రుద్దుతుంది, రుద్దితే కర్ర కాలుతుంది, ఎగురుతుంది. పోయినేడు రోశమ్మ పసుపూ కుంకుమా నువ్వుల నూనెలో కలిపి చక్రానికి మెత్తింది, గార్డు ఇరుసుకు కూడా మెత్తింది, చేతికందిన చోటల్లా మెత్తింది. నూనె మీద పొట్టు పడి పిండిముద్దయింది. ప్రేమగానే మెత్తింది. ఆ మాట ఒప్పుకోవాలి. తిరుపతమ్మకు అత్తను పూర్తిగా అసహ్యించుకునే వీలు కూడా దేవుడు ఇవ్వలేదు, అదే పెద్ద దరిద్రం. అత్త మొగుడు పిచ్చియ్య క్వారీలో రాయికి బెజ్జాలు వేసే మిషను మీద పనిచేసేవాడు. ఓ దసరాకి తాగి పడుకుని మిషనుకు దారం కట్టించలేదట. సంక్రాంతి లోపలే పైనుంచి బండ జారి మిషనూ అతనూ ఒకటే ముద్దయ్యారట. రోశమ్మ ఆ మాట చెప్పేటప్పుడు ఏడవదు, చీర కొంగు వేలికి చుట్టుకుంటుంది, విప్పుతుంది, చుట్టుకుంటుంది. "దారం కట్టుంటే బతికేవోడు," అంటుంది. బండ ఎందుకు జారింది, పైన వదులు రాళ్లు దులపకుండా కింద మనిషిని ఎవడు నిలబెట్టాడు, అదెవరూ అడగలేదు. అడగాల్సినవాళ్లు ఇంటికొచ్చి సంచిలో బియ్యం ఇచ్చిపోయారట, పెద్ద మనసు. ఆమెకు మిగిలిన జ్ఞానం ఒక్కటే, దారం. ఒంటిచేత్తో కొడుకును పెంచి, బర్రెల్ని అమ్మి ఈ మిషను కొనిపెట్టిన మనిషి. ఆ కొడుకు వేళ్లు తీసింది నీ దారమే అత్తా అని ఏ నోటితో చెబుతారు? చెప్పాక ఆ మనిషి ఏ గోడకు తల కొట్టుకుంటుంది?

అయినా ఒకళ్ల మీద పడాలి కదా తప్పు. గాల్లో ఎంతసేపని ఉంటుంది. ఆస్పత్రి వరండాలోనే మొదలయింది. దారం కట్టినా ఇట్లా జరిగిందంటే ఎక్కడో అంటు తగిలింది. ఎక్కడ తగిలింది? మిషనును పండగరోజు తుడిచింది ఎవరు? కోడలు. కోడలు ఆ రోజు ఎట్లా ఉంది? రోశమ్మ వేళ్లు మడిచి లెక్కవేసింది, పక్కింటి హనుమాయమ్మ ఇంకో రెండు వేళ్లు అందించింది, ఇద్దరూ కలిసి తిరుపతమ్మ ఒంటి లెక్క తిరుపతమ్మకంటే బాగా తేల్చారు. "బయట చేరి కూడా చెప్పకుండా తుడిచిందమ్మా, మిషను రక్తం అడిగింది," అంది రోశమ్మ. కాదు అంది. తలస్నానం చేసి, మడి చీర కట్టుకుని తుడిచాను అంది. దీపం ముందు ఒట్టు వేసింది. ఒట్టు వేసినవాళ్లను చూసి జనం ఎప్పుడూ ఒకటే అనుకుంటారు, తప్పు చెయ్యకపోతే ఒట్టెందుకు అని. వాడకట్టులో పేరంటానికి పిలవడం మానలేదు గానీ, వాయనం ఇచ్చేటప్పుడు ఇచ్చే చెయ్యి ఒక్క క్షణం ఆగేది. ఆ ఒక్క క్షణం చాలు మనిషిని చంపడానికి. ఇంట్లో కొత్త చట్టం వచ్చింది: నెలలో ఆ మూడు రోజులూ ఆమె షాపు గడప తొక్కకూడదు. మిగిలిన రోజుల్లో మాత్రం కోత మొత్తం ఆమే కొయ్యాలి, ఆయన చెయ్యి పనికిరాదు కదా. అంటు పనికిరాదు, కష్టం పనికొస్తుంది. ఎంత చక్కటి మిషనో ఆడది, ఎప్పుడు కావాలంటే అప్పుడు ప్లగ్గు పీకి పక్కన పెట్టొచ్చు.

చక్రాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. పన్ను విరిగిందేమో, ఒంట్లో చిన్న బీట ఉందేమో చూడాలి. బీట ఉన్న చక్రాన్ని ఇంకో పూట వాడదాంలే అనుకోకూడదు, అది తిరిగే వేగానికి ముక్కయి ఎటు ఎగురుతుందో బ్రహ్మకు కూడా తెలియదు. లేదు, బాగానే ఉంది. పళ్లన్నీ వరసగా మెరుస్తున్నాయి. గోడ మీద నుంచి చచ్చిపోయినవాళ్లు చూస్తున్నారు, తీసుకుపోవడానికి ఎవరూ రాని పటాలు. ఒకాయన బుర్రమీసాలతో, ఒకామె ఆధారు కార్డులోంచి పెద్దది చేసిన మొహంతో, గురజాల వైపు ఊరి గొడవలో పోయిన కుర్రాడొకడు నల్ల కళ్లద్దాలతో. బతికున్నన్నాళ్లూ వీళ్లలో ఎవరికి నాలుగు మూలలూ సరిగ్గా కుదిరాయి? చచ్చాక మాత్రం మూల దగ్గర వెంట్రుకవాసి సందు కనపడితే బంధువులు ఊరుకోరు. అందుకే ఆమె మూలమట్టం పెట్టి చూస్తుంది, చక్రం బల్లకు నిట్టనిలువుగా ఉందా, వెనక ఆనించే కమ్మీ కదిలిందా అని. కమ్మీ కదిలితే కర్ర కదులుతుంది, కర్ర కదిలితే చెయ్యి దాన్ని ఆపబోతుంది. అన్నీ ఒకదానికొకటి తగులుకునే ఉంటాయి. పోయినేడు ఆమె చెప్పింది. అదే ఇప్పటికీ గొంతులో ముల్లు. పూజ అయిన మర్నాడే చెప్పింది. "ఏమయ్యా, గార్డు దిగట్లా. దారం అడ్డం పడతంది." అత్త ఆ దారాన్ని గార్డు పెదవికి చుట్టి, పైన పిడికి లాగి ముడేసి, మధ్యలో నిమ్మకాయ గుచ్చింది. గార్డు సగం పైకి లేచి అక్కడే ఆగింది, నోరు తెరిచిన మొసలిలాగా. ఆయన చూశాడు. చూడలేదని ఎవరూ అనలేరు. వేలితో గార్డును కిందికి నొక్కాడు, అది మళ్లీ పైకి లేచింది. నవ్వాడు. "పండగ దారమే, తెంపగూడదు. అదే ఊడిపోద్దిలే," అన్నాడు. ఆ నొక్కిన వేలు చూపుడు వేలే.

మెత్తటి బ్రష్షుతో ఇరుసు దగ్గర పొట్టు దులిపింది. ముక్కుకు చున్నీ కట్టుకుంది, ఈ పొట్టు ఊపిరితిత్తుల్లోకి పోతే రాదు. గార్డును పొడి గుడ్డతో తుడిచింది, నూనె పెట్టకుండా. నూనె పెడితే పొట్టు అతుక్కుంటుందని మోటారు రివైండింగు చేసే ఇక్బాల్ చెప్పాడు. గార్డును వేలితో పైకి నెట్టి వదిలింది. టక్‌మని దిగింది. మళ్లీ నెట్టింది. టక్. ఈ శబ్దాన్ని మొదటిసారి చెవిపెట్టి విన్న రోజు గుర్తుంది. ఆయన ఆస్పత్రిలో ఉన్నాడు, షాపు తాళం తీసి లోపలికొచ్చి నెత్తురు కడిగింది. నిమ్మకాయ ఎండి నల్లబడింది. దారం పసుపురంగు పోయి ఇటుకరంగుకు తిరిగింది. ఎవరూ లేరు. కత్తెర తీసుకుని తెంపింది. గార్డు టక్‌మని దిగి మూసుకుంది, ఇన్నాళ్లూ దాని కోసమే కాచుకున్నట్టు. అప్పుడు కూలబడి ఏడ్చింది, వేళ్లు పోయినప్పుడు ఏడవనిది. గార్డును ఎత్తుతూ, వదులుతూ, ఎత్తుతూ, వదులుతూ, పిచ్చిదానిలాగా. ఇంత తేలికా? కత్తెర ఒక్కసారి ఆడిస్తే సరిపోయేదా? తర్వాత ఇక్బాల్ వచ్చి అంతా విప్పి చూసి, "మిషనుకేం కాలేదక్కా, గార్డు స్ప్రింగు భేషుగ్గా ఉంది," అన్నాడు. ఆమె కళ్లలోకి చూశాడు, నేల మీద దారం ముక్కను చూశాడు, కార్బన్లు ఎట్లా మార్చాలో చూపించి పోయాడు. మిషనులో మోటారుకు కరెంటు అందించే చిన్న బొగ్గు ముక్కలవి, అరిగిపోతే నిప్పురవ్వలొస్తాయి. ఆ సాయంత్రమే గుంటూరు పోయి ఆయన మంచం పక్కన కూర్చుని చెప్పింది. చెయ్యి అంత లావున కట్టు కట్టి ఉంది. ఆయన కిటికీలోంచి చూస్తూ విన్నాడు. "నాకు తెలుసు," అన్నాడు. ఆ మాట విని ఆమెకు ప్రాణం లేచొచ్చింది. తర్వాతి మాట కూడా అన్నాడు. "ఈ మాట అమ్మ దగ్గర అనమాక. చచ్చిపోద్ది."

అనలేదు. ఏడాదిగా అనలేదు. తల్లి చచ్చిపోకుండా కాపాడుకున్నాడు, మంచి కొడుకు. పెళ్లాం రోజూ కొంచెం కొంచెం చస్తుంటే దానికి చప్పుడుండదు కదా, గుమ్మడికాయ పగిలినట్టు. వరండాలో అత్త ఆ మాటలంటున్నప్పుడు ఆయన తలుపు అవతలే మంచం మీద వింటూ ఉన్నాడు. ఒక్క మాట. అట్లా కాదమ్మా అన్న ఒక్క మాట. దారం సంగతి చెప్పక్కర్లేదు, ఆమె శుభ్రంగానే ఉందమ్మా అంటే చాలు. సెలైను సీసా వైపు చూశాడు. తిరుపతమ్మ కార్బన్ల మూత విప్పింది. అరగలేదు, ఇంకా వేలిగోరంత ఉన్నాయి. మూత బిగించింది. వైరును ప్లగ్గు దాకా చేత్తో తడుముతూ పోయింది, ఎక్కడా తొడుగు చిట్లలేదు. బల్లకు బిగించిన బోల్టులు చూసింది. చక్రాన్ని మళ్లీ ఎక్కించింది, పళ్లు తిరిగే వైపు బాణం గుర్తు సరిచూసుకుని బిగించింది, స్పానరు తీసి దాని చోట పెట్టింది. స్పానరు బోల్టుకే మర్చిపోయి స్విచ్చి వేస్తే అది తుపాకీ గుండే. ఇంత చేసి, ఇన్ని చూసి, చివరికి అత్త వచ్చి ముడి వేస్తే అంతా ఒక్క ముడిలో పోతుంది. మొన్న నయానా చెప్పి చూసింది. బల్ల కాలికి కడదాం అత్తా, పిడికి కడదాం, మోటారుకు కడదాం. రోశమ్మ ఒప్పుకోలేదు. ఎడ్లపాడు సిద్ధాంతి చెప్పాడట, రక్తం చూసిన చోటే కట్టాలని, ఈసారి ఒంటి దారం కాదు, ఎర్రదీ నల్లదీ పేనిన తాడు, కట్టిన తాడు దానంతట అదే ఊడేదాకా ఎవరూ తాకకూడదని. రోశమ్మ రోజూ షాపు అరుగు మీద కూర్చుంటుంది, రోజూ చూస్తుంది. స్ప్రింగు తీసి దాచేద్దామా అని కూడా అనుకుంది తిరుపతమ్మ. మిషను చెడిపోయిందంటే ఇక్బాల్ దగ్గరకు తీసుకుపోతారు, పూజ చేసి, తాడు కట్టే తీసుకుపోతారు. నిజం చెప్పేద్దామా. నిజం.

శివనాగరాజు వచ్చాడు. తెల్లచొక్కా, కొత్త పంచె, నుదుట బొట్టు. కుడిచెయ్యి జేబులో ఉంది. ఏడాదిగా ఆ చెయ్యి జేబులోనే కాపురం ఉంటోంది. ఇవాళ దాన్ని బయటికి తీసి నలుగురికీ చూపించాలని, ఇదిగో నేను మళ్లీ కోశాను అనిపించుకోవాలని ఆయన మనసు. ఆ ఆశ తప్పని ఆమె అనదు. ఆ ఆశ పెట్టుకున్న మొహం చూస్తే ఒక్కోసారి జాలి కూడా వేస్తుంది, అదీ ఒక జబ్బే.

"అమ్మ వస్తంది. అయిందా?"

"అయింది. ఏమయ్యా, గార్డుకొద్దని నువ్వు చెప్పు. నీ మాటైతే వింటది."

"పండగపూట ఎందుకే గొడవ."

"పోనీ మొదటి కోత నేను కోస్తా."

"దారం కట్టినాక నేనే కొయ్యాలంట." మిషను వైపు చూస్తూ, "జాగర్తగానే కోస్తాలే," అన్నాడు. జేబులో చెయ్యి కదిలింది. జాగ్రత్త అనే మాట ఆయన నోట్లో ఎంత తేలిగ్గా ఉందో. ఆ వేళ్లున్నప్పుడు కూడా అంతే తేలిగ్గా ఉండేది. కోత కోసేటప్పుడు కళ్లుంటాయి జాగ్రత్తగా. కోత అయిపోయాకే చేతులు పాత అలవాటుకు పోతాయి. ఇంకో రెండు వేళ్లు పోతే జేబులో పెట్టుకోవడానికి కూడా ఏమీ మిగలదు. ఆయన చెయ్యి సాగకపోతే రేపటి నుంచి ఆ తాడు కిందే తన చేతులు. తన వేళ్లు చూసుకుంది. గాజుపెంకులకు గీసుకుపోయిన వేళ్లు, పది.

రోశమ్మ గడప దగ్గరే చెప్పులు విడిచింది. పళ్లెంలో కొబ్బరికాయ, అగరొత్తులు, గిన్నెలో పసుపూ కుంకుమా కలిపిన నూనె, చుట్టగా చుట్టిన ఎర్రనల్ల తాడు. ఆ తాడును పళ్లెంలో అన్నిటికంటే పైన, పసిబిడ్డను పడుకోబెట్టినట్టు పెట్టుకుంది. వెనక హనుమాయమ్మ గుమ్మడికాయతో వచ్చింది. రోశమ్మ ముసలి మొహంలో భయం ఉంది, పచ్చి భయం, కొడుకు మీద బండ జారుతున్నట్టూ దాన్ని ఈ తాడుతో ఆపబోతున్నట్టూ. ఆ మొహం చూశాక నిజం గొంతులోనే ఆగిపోయింది. చెప్పడం తన వల్ల కాదు. ఏడాది కింద చెప్పలేనిది ఇవాళ ఎట్లా చెబుతుంది. చక్రం ఏ వైపు తిరిగితే ఆ వైపుకే తిప్పాలి, ఎదురు తిప్పితే బిగుసుకుంటుంది.

"ఏమే తిరపతమ్మా, తుడవటం అయిందా? యాళ దాటిపోతంది, జరుగు," అంది రోశమ్మ తాడు చేతికి తీసుకుంటూ.

తిరుపతమ్మ జరగలేదు. గార్డు మీద అరచెయ్యి మొత్తం ఆనించి పెట్టింది.

"అత్తా, నేను బయట చేరా. ఇందాక తుడుస్తా ఉంటే తెలిసింది. మిషనంతా ముట్టుకున్నా."

రోశమ్మ చెయ్యి తాడుతో సహా వెనక్కి పోయింది, కాలినట్టు. పళ్లెం గుండెలకు హత్తుకుంది. ఎవరూ ఒట్టు వెయ్యమనలేదు. ఎప్పుడు, ఎట్లా అని ఒక్క ప్రశ్న అడగలేదు. నిజానికైతే దీపాల ముందు అన్ని ఒట్లు కావాల్సి వచ్చింది, అబద్ధం ఇట్టే గడప దాటి లోపలికొచ్చి కూర్చుంది. శివనాగరాజు ఆమె మొహం వైపు చూశాడు. ఆమె మూడు రోజులూ దూరం కూర్చుని లేచి ఇంకా పదిరోజులు కాలేదని అతనికి తెలుసు. అత్తకూ తెలియాలి నిజానికి. వయసు నలభై దాటాక లెక్కలు తప్పుతాయని ఆవిడే అనుకుని ఉంటుంది, లేకపోతే నమ్మాలని ఉన్నదాన్ని నమ్మడానికి లెక్కలతో పనేముంది.

"ఇంకేం కడతాం దీనికి. అంటు తగిలినదానికి కడితే ఉన్నది కూడా పోద్ది," అంది రోశమ్మ. "మళ్లీ దసరాకే. ఒరేయ్ నాగరాజూ, ఈడ కోత గీత ఏమొద్దు, ఆ సుత్తీ పటకారూ బయటికి తే, అరుగు మీద చేసుకుందాం." గడప దాకా పోయి ఆగింది. వెనక్కి తిరిగి కోడలిని పైనుంచి కిందికి చూసింది. ఆ చూపులో కోపం లేదు, ఏడాదిగా వెతుకుతున్నది దొరికిన నెమ్మది ఉంది. "పోయినేడు కూడా ఇట్లనే జరిగిందిగా? అప్పుడు చెప్పుకోలా. నోటికొచ్చిన ఒట్లన్నీ ఏశావు."

ఇది తిరుపతమ్మ లెక్కలో లేదు. ఇంత దూరం ఆలోచించలేదు. హనుమాయమ్మ గుమ్మడికాయ మీద నుంచి మెడ సాచి చూస్తోంది. ఈ జవాబు సాయంత్రానికి వాడకట్టు మొత్తం తెలుస్తుంది, పేరంటాల్లో ఇచ్చే చెయ్యి ఇకనుంచి క్షణం కాదు, ఇంకా ఎక్కువసేపు ఆగుతుంది. కాదు అంటే ఇవాళ్టిది కూడా కాదని అనుమానం వస్తుంది. తాడు ఇంకా అత్త చేతిలోనే ఉంది. తిరుపతమ్మ మొగుడి వైపు చూసింది. ఇప్పుడైనా ఒక్క మాట. ఆయన పటకారు వెతుకుతున్నాడు. ఎదురుగా ఇంకో మేకుకు వేలాడుతున్న పటకారును కాకుండా బల్ల కింద వెతుకుతున్నాడు, వంగి, మొహం కనపడకుండా.

"ఊఁ," అంది తిరుపతమ్మ.

"అదీ," అంది రోశమ్మ, హనుమాయమ్మతో. గడప పక్కనున్న సుత్తిని తనే అందుకుంది, ఇద్దరూ అరుగు మీదికి పోయారు. బయట కొబ్బరికాయ పగిలిన చప్పుడైంది. తాడు సుత్తి పిడికి కడుతున్నట్టుంది, మంత్రం లాంటిదేదో గొణుగుతోంది ముసలామె. సుత్తికి కట్టుకుంటే ఎవరికీ నష్టం లేదు, ఎంత పెద్ద ముడైనా వేసుకోవచ్చు. తిరుపతమ్మకు గెలిచినట్టు లేదు. ఏడాదిపాటు మీద వేసిన బురదను కడుక్కుంటూ వచ్చి, ఇవాళ తన చేత్తో తనే నెత్తి మీద పోసుకుంది. పోసుకున్నందుకు తనకు పది వేళ్లూ, ఆయన కుడిచేతికి మూడూ మిగిలాయి. వచ్చే దసరాకి మళ్లీ ఏదో ఒకటి వెతుక్కోవాలి.

శివనాగరాజు లేచి నిలబడ్డాడు. గోడకున్న పటకారు తీసుకున్నాడు, బయటికి పోలేదు. జేబులోంచి కుడిచెయ్యి తీశాడు. బొటనవేలు, చివరి రెండు వేళ్లు, మధ్యలో నున్నగా మెరిసే చర్మం. ఆ చెయ్యి మెల్లగా చాచి గార్డును పైకి ఎత్తి వదిలాడు. టక్‌మని దిగింది. మళ్లీ ఎత్తాడు, వదిలాడు. ఆమె వైపు చూడలేదు. ఏదో అనబోతున్నట్టు గొంతు సవరించుకున్నాడు.

"బాగా దిగతంది," అన్నాడు.

తిరుపతమ్మ మేకుకున్న ప్లగ్గు అందుకుంది.

"చెయ్యి తియ్యి, ప్లగ్గు పెడతన్నా," అంది.